కాగితం కుదరని చదువులు

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలో నాకొక చిన్న అంగడి ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జెరాక్స్ మిషను. మామూలు రోజుల్లో కరెంటు బిల్లులు కట్టడం, రైలు టికెట్లు తీయడం, పహణీ ప్రింట్లు ఇవ్వడం. సర్కారీ నోటిఫికేషన్ పడిందంటే మాత్రం మిగతా పనులన్నీ పక్కకు పోతాయి. క్యాసంబళ్లి నుంచి, బేతమంగల నుంచి, మారికుప్పం గని కార్మికుల లైన్ల నుంచి పిల్లలు ప్లాస్టిక్ ఫైళ్లు పట్టుకొని వస్తారు. ఒక్కో ఫైల్లో ఎస్.ఎస్.ఎల్.సి. మార్క్స్ కార్డు, పి.యు.సి.ది గానీ ఐటీఐది గానీ ఒకటి, కొందరికి డిప్లొమా, ఇంకొందరికి దూరవిద్యలో చేసిన డిగ్రీ. అప్లికేషను నింపిపెట్టడం నా పని. అలా నింపీ నింపీ, కేజీఎఫ్ పిల్లలు ఏ దారిన చదువుకుంటున్నారో నాకు బాగానే పట్టుబడింది. ఆ దారుల్లో ఏది ఎక్కడ తెగిపోతుందో కూడా తెలిసింది.

నేను చెప్పబోయేది దొంగ సర్టిఫికెట్ల సంగతి కాదు. నిజంగా చదివి, నిజంగా పాసై, రాతపరీక్షలో మార్కులు కూడా తెచ్చుకొని, చివరికి డాక్యుమెంట్ వెరిఫికేషన్ బల్ల దగ్గర “నీకు అర్హత లేదు” అనిపించుకొని తిరిగొచ్చేవాళ్ల సంగతి. ఈ తగాదాలు దేశమంతా ఉన్నవే. కోర్టుల్లో కొన్ని తేలాయి, కొన్ని తేలుతూ ఉన్నాయి. మా ఊరికి అవి ఇంకొంచెం ఎక్కువగా తగులుతాయి. దానికి కారణం ఉంది.

గనిలో అడిగిన చదువు

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మా నాన్న చాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. పనికి చేరినప్పుడు ఆయనను ఎంత చదివావని ఎవరూ అడగలేదు. ఒళ్లు చూశారు, తెలిసినవాళ్ల మాట అడిగారు, లోపలికి పంపారు.

అలాగని గనిలో కాగితాలే లేవనుకోకండి. 1952 నాటి గనుల చట్టం కింద మేట్‌కు, బ్లాస్టరుకు, ఫోర్‌మన్‌కు, వైండింగ్ ఇంజన్ నడిపేవాడికి గనుల భద్రతా డైరెక్టరేట్ నుంచి సమర్థతా పత్రం ఉండాలి. ఆ డైరెక్టరేట్ ఆఫీసు మా ఊరుగాంలోనే ఉండేది. ఆ పరీక్షలో అడిగేది పని గురించే. పైకప్పు రాయి ఎప్పుడు వదులైందో ఎలా తెలుస్తుంది, పేలని మందును ఏం చేయాలి, గాలి ఆడకపోతే ఏం చేయాలి. ఆ కాగితానికీ ఆ పనికీ నేరుగా లంకె ఉండేది. అది లేనివాడికి ఆ పని ఎందుకు ఇవ్వరో కూలీకీ తెలుసు, మేనేజరుకూ తెలుసు. ఇప్పటి నోటిఫికేషన్లలో చాలా తగాదాలు ఈ లంకె కనబడకపోవడం వల్లే వస్తున్నాయి.

గని మూసేశాక పిల్లలు దొరికిన చదువుల్లో చేరారు. కొందరు ఐటీఐ చేసి ఇక్కడి బి.ఇ.ఎం.ఎల్. ఫ్యాక్టరీలో అప్రెంటిస్ కోసం చూశారు. కొందరు పాలిటెక్నిక్, ఊరుగాం స్కూల్ ఆఫ్ మైన్స్ వైపు వెళ్లారు. ఎక్కువమంది పొద్దున్నే మారికుప్పం రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్లి పనిచేస్తూ, డిగ్రీ మాత్రం పోస్టులో కట్టారు. పదో తరగతి, పి.యు.సి., డిగ్రీ అని నేరుగా నడిచినవాళ్లు మా దగ్గర తక్కువే. నోటిఫికేషన్ రాసేవాళ్లు మనసులో పెట్టుకునేదేమో ఆ నేరు దారినే.

పెద్ద చదువు చిన్న చదువును మింగుతుందా?

మొన్నొక టెక్నీషియన్ పోస్టుకు అప్లికేషను నింపుతున్నాను. అడిగిన అర్హత పదో తరగతితోపాటు సంబంధిత ట్రేడులో ఐటీఐ. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది, అది కూడా ఫస్ట్ క్లాసులో. ‘విద్యార్హత’ అన్న గడి నొక్కితే తెర మీద ఐటీఐ, ఎన్.ఎ.సి. (జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్), ఇతరాలు అని మూడే వరుసలు కిందికి జారాయి. డిప్లొమా అన్న మాటే లేదు.

“అన్నా, ఐటీఐ కంటే పెద్దదే కదా నేను చదివిండేది? ఐటీఐ అనే నొక్కెయ్యండి.”

“నొక్కితే ఫారం ముందుకు పోతుందమ్మా. రేపు వెరిఫికేషన్లో ఐటీఐ సర్టిఫికెట్ ఏదంటే ఏం చూపిస్తావు?”

“ఇతరాలు అని పెడితే?”

“అట్లా పెడితే కంప్యూటరే తీసి పక్కన పెట్టేస్తుందేమో.”

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్ననే సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో విచారించింది. జమ్మూకశ్మీర్ విద్యుత్ శాఖలో టెక్నీషియన్-3 పోస్టులకు పదో తరగతి, సంబంధిత ట్రేడులో ఐటీఐ అడిగారు. డిప్లొమా ఉన్నవాళ్లూ దరఖాస్తు పెట్టారు. ఎంపిక బోర్డు వాళ్లను పక్కన పెట్టింది. కోర్టు బోర్డు వైపే మొగ్గింది. పై చదువులో కింది చదువు తానుగా ఇమిడి ఉందని అనుకోవడానికి వీల్లేదు, ఏ పోస్టుకు ఏ చదువు కావాలో తేల్చుకునేది ఉద్యోగమిచ్చే ప్రభుత్వమే అని జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన తీర్పు సారాంశం.

దీనికి ఎనిమిదేళ్ల ముందు, 2010లో, ఇదే కోర్టు కేరళ కేసులో ఇంకోలా చెప్పింది. అక్కడి విద్యుత్ బోర్డు సబ్ ఇంజనీరు పోస్టుకు డిప్లొమా అడిగితే, బి.టెక్. వాళ్లకూ అర్హత ఉందంది. రెండు తీర్పులకూ పేచీ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లేదు. కింది చదువు లేకుండా అందుకోలేని పై చదువును ఒప్పుకోవచ్చని కేరళ సర్వీసు నిబంధనల్లోనే రాసి ఉంది. జమ్మూకశ్మీర్‌లో అలాంటి నిబంధన లేదు. తేడా చదువులో లేదు, రూల్ పుస్తకంలో ఉంది. ఇంటర్నెట్లో ఎక్కడో కేరళ తీర్పు చూసి ధైర్యపడి ఇక్కడ అప్లికేషను పెట్టే పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. రైల్వేలోనే చూడండి. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు ఐటీఐ బదులు ఇంజనీరింగ్ డిప్లొమా చెల్లుతుందని నోటిఫికేషనే చెబుతుంది. ఆ వెసులుబాటు ఇంకో పోస్టుకూ ఉంటుందని అనుకుంటే మోసపోతాం.

ఎక్కువ చదివినందుకే అడ్డం పడ్డ కేసు ఇంకొకటి ఉంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఒడిశాలో ప్యూన్ పోస్టులకు ప్రకటన ఇస్తూ, పన్నెండో తరగతి పాసై ఉండాలి, డిగ్రీ చేసి ఉండకూడదు అంది. ఒకతను తనకు డిగ్రీ ఉన్న సంగతి దాచి ఎంపికయ్యాడు. బ్యాంకుకు తెలిసి చేర్చుకోలేదు. హైకోర్టు అతని వైపు నిలిచినా, 2020 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకుదే ఒప్పంది. ఆ షరతు నచ్చకపోతే దాన్నే సవాలు చేయాల్సింది, దాచిపెట్టి ఉద్యోగం సంపాదించి ఆ తర్వాత చదువు ఎక్కువైతే తప్పేమిటని అడగడం కుదరదు అంది.

విన్నప్పుడు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ రెండో పక్క కూడా చూడాలి. ప్యూన్ పోస్టులన్నీ డిగ్రీ వాళ్లే ఎగరేసుకుపోతే పన్నెండుతో ఆగిపోయినవాడు ఎక్కడికి వెళ్లాలి? ఐటీఐ పోస్టులు డిప్లొమా వాళ్లకు ఇచ్చేస్తే రెండేళ్లు ఫిట్టర్ పని నేర్చుకున్నవాడి గతేమిటి? మా కేజీఎఫ్‌లో ఒకే ఇంట్లో అన్నకు ఐటీఐ, చెల్లెలికి డిప్లొమా ఉంటాయి. ఒకే తీర్పు ఆ ఇంట్లో ఒకరికి అన్నం పెడుతుంది, ఇంకొకరి చేయి పట్టి ఆపుతుంది.

అమెరికాలో ఈ ప్రశ్నను ఇంకో వైపునుంచి అడిగారు. ఉత్తర కరోలినాలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ కూలిపని దాటి పై విభాగాలకు వెళ్లాలంటే హైస్కూలు పాసై ఉండాలని నిబంధన పెట్టింది. అక్కడి నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమందికి ఆ చదువు దక్కలేదు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ చదువుకూ ఆ పనికీ సంబంధం చూపించలేనప్పుడు అలాంటి షరతు వివక్షే అవుతుందని తేల్చింది. మన కోర్టులు అంత దూరం వెళ్లవు. అర్హత పెట్టే అధికారం యజమానిదే, ప్రకటనను మేము తిరగరాయలేము అని 2019లో మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మన దగ్గర ఈ పోరాటం కోర్టులో కన్నా, ప్రకటన రాసే బల్ల దగ్గర ముందు జరగాలి.

అలా జరిగిన సందర్భం ఉంది కూడా. 2018 ఫిబ్రవరిలో రైల్వే దాదాపు 63 వేల లెవెల్-1 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ట్రాక్ మెయింటెయినర్, హెల్పర్, పాయింట్స్‌మన్ వంటి పనులు. మొదట పదో తరగతితోపాటు ఐటీఐ కూడా ఉండాలన్నారు. దేశమంతా గొడవైంది. అదే నెలలో దిగివచ్చి పదో తరగతి గానీ, ఐటీఐ గానీ, అప్రెంటిస్ సర్టిఫికెట్ గానీ ఏదో ఒకటి ఉంటే చాలన్నారు. మళ్లీ 32,438 పోస్టుల ప్రకటన వచ్చినప్పుడు, 2025 జనవరిలో, ఇదే కథ మళ్లీ నడిచి ఇదే సడలింపుతో ముగిసింది. దరఖాస్తుల గడువు ముగియకముందే మార్చారు కాబట్టి కోర్టు మెట్లెక్కాల్సిన పని పడలేదు. పరీక్ష రాసిన తర్వాత మార్చి ఉంటే సంవత్సరాలు పట్టేది.

పి.యు.సి.కి సరితూగేదేది?

కర్ణాటకలో మా పిల్లలు ఎక్కువగా ఆశపెట్టుకునేది గ్రామ లెక్కాధికారి పోస్టు మీద. ఇప్పుడు దాన్ని గ్రామ పాలనాధికారి అంటున్నారు. ఒకప్పుడు పి.యు.సి. మార్కులు చూసి జిల్లాలోనే ఎంపిక చేసేవారు. 2024లో వెయ్యి పోస్టులకు కర్ణాటక పరీక్షా ప్రాధికారం పరీక్ష పెట్టింది. అర్హత పి.యు.సి. లేదా దానికి సమానమైనది.

ఆ ‘సమానం’ దగ్గరే అంతా ఉంది. సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతి అయితే ఎవరూ ఏమీ అనరు. జాతీయ ఓపెన్ స్కూలు సర్టిఫికెట్? మూడేళ్ల డిప్లొమా? రెండేళ్ల ఐటీఐ? పి.యు. కాలేజీల్లోనే ఒకప్పుడు నడిచిన రెండేళ్ల జె.ఒ.సి., అంటే ఉద్యోగాధారిత కోర్సు? ఒక్కో శాఖ ఒక్కో కాలంలో ఒక్కో మాట చెప్పింది. ఈ మధ్య నోటిఫికేషన్లలో ఏవేవి సరితూగుతాయో జాబితా వేస్తున్నారు. ఆ మాత్రం మేలు జరిగింది. అయితే ఆ జాబితాలో ప్రతి వరుస చివరా ఒక షరతు తగిలించి ఉంటుంది. అది చదవకుండా పేరు చూసి సంతోషపడేవాళ్లే ఎక్కువ.

ఒకతను, ముప్పై దాటి ఉంటాయి, జె.ఒ.సి. మార్క్స్ కార్డు తెచ్చాడు. అంచులు పచ్చబడిపోయాయి. ఒక శాఖ దాన్ని ఒప్పుకుందట, తర్వాతి ఏడాది ఇంకో శాఖ ఒప్పుకోలేదట. రెండు చోట్లా రాసింది మాత్రం ‘పి.యు.సి. లేదా సమానమైన విద్య’ అనే. ఇది అతని తప్పెలా అవుతుంది? కోర్సు పెట్టింది ప్రభుత్వమే, మూసింది ప్రభుత్వమే, దాని విలువ ఎంతో చెప్పాల్సిందీ ప్రభుత్వమే.

విశ్వవిద్యాలయానికి గుర్తింపు పోతే

పనిచేస్తూ చదివే ఊరికి దూరవిద్య ప్రాణం. మైసూరు విశ్వవిద్యాలయంలోని కరెస్పాండెన్స్ విభాగం 1996లో కర్ణాటక రాష్ట్ర ముక్త విశ్వవిద్యాలయంగా మారింది. మా దగ్గర ఎందరో దాంట్లో చదివి గుమాస్తాలయ్యారు, టీచర్లయ్యారు. తర్వాత ఆ విశ్వవిద్యాలయం రాష్ట్రం బయట ప్రైవేటు సంస్థలతో చేతులు కలిపి, సాంకేతిక కోర్సులు కూడా నడిపిందని యూజీసీ ఆక్షేపించింది. 2012-13 తర్వాతి కోర్సులకు గుర్తింపు లేదని 2015 జూన్‌లో ప్రకటించింది. మళ్లీ గుర్తింపు దక్కింది 2018-19 నుంచి. ఆ మధ్యలో ఫీజు కట్టి, పుస్తకాలు తెచ్చుకొని, పరీక్షలు రాసినవాళ్లు రాష్ట్రంలోనే మామూలు బి.ఎ., బి.కామ్. చదివినవాళ్లు. బయటి ఊళ్లలో జరిగిన వ్యవహారానికి వాళ్లు చెల్లించారు.

తమిళనాడు ఎల్లలో ఉన్నాం కాబట్టి అణ్ణామలై విశ్వవిద్యాలయం పేరు కూడా మా ఇళ్లలో బాగా వినబడుతుంది. డిగ్రీ చదవకుండా నేరుగా ఎం.ఎ. చేసే ఓపెన్ యూనివర్సిటీ పద్ధతి ఒకప్పుడు ఉండేది. 2009లో సుప్రీంకోర్టు, ఆ అణ్ణామలై విశ్వవిద్యాలయం కేసులోనే, దాన్ని ఒప్పుకోలేదు. 1985 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం మొదటి డిగ్రీ లేని పోస్టు గ్రాడ్యుయేషన్ చెల్లదంది. తమిళనాడు ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పోస్టు మీద వచ్చిన తగాదా అది. దాని దెబ్బ మాత్రం అలా ఎం.ఎ. చేసిన అందరి మీదా పడింది.

ఇంజనీరింగ్‌లో ఇంకా పెద్ద దెబ్బ 2017 నవంబరులో తగిలింది. సేలంలోని వినాయక మిషన్స్ రీసెర్చ్ ఫౌండేషన్‌తో సహా నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయని సుప్రీంకోర్టు తేల్చింది. 2001 నుంచి 2005 దాకా చేరినవారి డిగ్రీలను నిలిపివేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతే నిలుస్తాయంది. ఆ తర్వాత చేరినవారివి రద్దు చేసింది. డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, ప్రమోషన్ కోసం రాత్రుళ్లు చదివి బి.టెక్. తెచ్చుకున్నవాళ్లే ఇందులో ఎక్కువ.

కాబట్టి డిగ్రీ కాగితం మీద విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ కోర్సుకు, ఆ పద్ధతిలో, మీరు చేరిన ఆ ఏడాదికి గుర్తింపు ఉందా అని చూడాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా కాగితం కుదరదు.

ఆఖరు తేదీకి అటూ ఇటూ

చివరి సెమిస్టరు పరీక్ష రాశారు, ఫలితం రాలేదు. నోటిఫికేషన్ ఆఖరు తేదీ దగ్గర పడింది. “రిజల్టు వారంలో వచ్చేస్తుందన్నా, పాసైనట్టు పెట్టెయ్యండి” అని ప్రతి సీజన్లో ఒకరైనా అడుగుతారు. నేను పెట్టను.

1982లో జమ్మూకశ్మీర్‌లో జూనియర్ ఇంజనీర్ల ఎంపికప్పుడు ఇదే జరిగింది. కొందరి ఫలితాలు దరఖాస్తు ఆఖరు తేదీ తర్వాత, ఇంటర్వ్యూకు ముందు వచ్చాయి. ఇంటర్వ్యూ నాటికి పాసయ్యారు కదా అని సుప్రీంకోర్టు మొదట ఒప్పుకుంది. 1997లో ముగ్గురు జడ్జీలు పునఃసమీక్ష చేసి అది తప్పన్నారు. దరఖాస్తుకు ఆఖరు తేదీ ఏదైతే అదే అర్హతకూ తేదీ అన్నారు. ఫలితం రాలేదని దరఖాస్తే పెట్టకుండా ఆగిపోయిన నిజాయితీపరులకు అన్యాయం జరుగుతుందన్నది ఆ మాట వెనుక ఉన్న న్యాయం. అప్పటికే పనిచేస్తున్నవాళ్ల ఉద్యోగాలు మాత్రం ఊడలేదు. నోటిఫికేషన్లో వేరే తేదీ రాసి ఉంటే అదే లెక్క. ఏమీ రాయకపోతే ఆఖరు తేదీయే.

తేదీ లాగానే రూల్ కూడా మధ్యలో కదలకూడదు. ఎంపిక మొదలయ్యాక అర్హత నిబంధనల్ని మార్చరాదని, మార్చే వీలు ముందే రూల్సులో గానీ ప్రకటనలో గానీ ఉంటే తప్ప కుదరదని, 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

బి.ఇడి. పెద్దదా, డి.ఇడి. పెద్దదా?

పల్లెల్లో ఆడపిల్లల ఇళ్లలో ఎక్కువగా నలిగే ప్రశ్న ఇది. 2018 జూన్‌లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి బి.ఇడి. చేసినవాళ్లు కూడా ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చెప్పవచ్చంది. రాజస్థాన్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పడం వేరే విద్య, దానికి శిక్షణ పొందినవాళ్లు డి.ఇడి. వాళ్లే, బి.ఇడి.ని దానికంటే మేలైన చదువు అనుకోవడం తప్పు అని తేల్చింది. గనిలో మేట్‌కు మేట్ సర్టిఫికెటే కావాలన్నట్టు, ఇక్కడ కోర్టు చదువును పనితో కలిపి చూసింది. నాకు ఇందులో పేచీ లేదు. నా పేచీ అయిదేళ్లపాటు లక్షల మందిని బి.ఇడి. కాలేజీలకు పంపిన ఆ 2018 ప్రకటనతో.

మా పక్క జిల్లా చిత్తూరుతో సహా ఆంధ్రదేశమంతా ఇలాంటిదే ముందే చూసింది. 2008 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టులకు బి.ఇడి. వాళ్లనూ పిలిచి, ఆ తర్వాత 30 శాతం డి.ఇడి. వాళ్లకు ప్రత్యేకించారు. మెరిట్లో ఉన్న బి.ఇడి. వాళ్లు ఎందరో వెనక్కి పోయారు. ధర్నాలు, ట్రిబ్యునళ్లు, కోర్టులు అయ్యాయి. చివరికి 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లలో రెండు వేల మందికి పైగా కనీస టైమ్ స్కేలుతో కాంట్రాక్టు మీద తీసుకోవడానికి ఒప్పుకుంది. పాతికేళ్ల వయసులో పరీక్ష రాసిన మనిషి నలభైకి దగ్గరపడ్డాక బడిలో అడుగుపెట్టింది.

గీత దాటిన బడి

కోలారు జిల్లా తెలుగువాళ్లకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. శ్రీనివాసపురం, ముళబాగిలు, క్యాసంబళ్లి వైపు పల్లెల్లో ఇంటి భాష తెలుగు. అమ్మమ్మ ఇల్లు వి.కోటలోనో, కుప్పంలోనో, పలమనేరులోనో ఉంటుంది. పిల్లవాడు అక్కడుండి తెలుగు మీడియంలో చదువుతాడు. పది పాసై ఇంటికొస్తాడు.

కర్ణాటకలో ఒకటి నుంచి పది దాకా గ్రామీణ బడుల్లో చదివినవాళ్లకు 25 శాతం, కన్నడ మీడియంలో చదివినవాళ్లకు 5 శాతం పోస్టులు ప్రత్యేకం. ఆ సర్టిఫికెట్ల మీద ఇక్కడి బ్లాకు విద్యాధికారి (బి.ఇ.ఒ.) సంతకం ఉండాలి. వి.కోట బడి ఆయన పరిధిలో లేదు. పైగా కన్నడ భాషా పరీక్ష పాసు కావాలి, 150కి 50 మార్కులు. సరే, ఆంధ్రాలో ప్రయత్నిద్దామా అంటే అక్కడ 1975 రాష్ట్రపతి ఉత్తర్వు లెక్క వేరు. మామూలుగా పదో తరగతితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉంటేనే స్థానికుడు. ఏడు, ఎనిమిది అక్కడా, తొమ్మిది, పది ఇక్కడా చదివితే రెండు వైపులా వెలితే. ఇవి పేరుకు రిజర్వేషను నిబంధనలు. బతుకులో మాత్రం విద్యార్హత లాగానే పనిచేస్తాయి, ఎందుకంటే ఏం చదివావని కాక ఎక్కడ చదివావని అడుగుతాయి.

మా గని కంపెనీయే చిత్తూరు జిల్లా బిసానత్తంలో, చిగురుగుంటలో కూడా బంగారం తవ్వింది. రాయికి రాష్ట్రం గీత అడ్డం రాలేదు. ఆ గనుల్లో దిగినవాళ్ల మనవళ్ల మార్క్స్ కార్డులకు అడ్డం వస్తోంది.

తగాదా పడాలంటే

నేను లాయరును కాను. కానీ ఈ బల్ల దగ్గర కూర్చొని చూసినవాటిలో ఉపయోగపడేవి చెబుతాను. అర్హత మీద అనుమానం ఉంటే పరీక్షకు ముందే, రాతలో, బోర్డును అడగండి. ఆ ఉత్తరం నకలు, పోస్టు రశీదు దాచుకోండి. నోటిఫికేషన్లోని షరతు మీద అభ్యంతరం చెప్పకుండా పరీక్ష రాసేసి, ఫలితం వచ్చాక షరతే తప్పని వెళితే, కోర్టులు సాధారణంగా వినవు. ఉన్న చదువును దాచకండి, లేనిది చూపకండి. మీ కోర్సు అడిగిన చదువుకు సమానమన్న పత్రం కావాలంటే ఆ కోర్సు నడిపిన శాఖ దగ్గరకు ముందే వెళ్లండి. వెరిఫికేషన్ పిలుపు వచ్చాక తిరిగితే గడువు దాటిపోతుంది.

తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. రాష్ట్ర ఉద్యోగమైతే బెంగళూరులోని రాష్ట్ర పాలనా ట్రిబ్యునలుకు, రైల్వే వంటి కేంద్ర ఉద్యోగమైతే కేంద్ర పాలనా ట్రిబ్యునలుకు వెళ్లాలి. మామూలుగా ఏడాదిలోపు. బ్యాంకులు, ప్రభుత్వ కంపెనీల విషయంలో చాలావరకు హైకోర్టే దారి. అక్కడ గెలవాలంటే “నేను బాగా చదివాను” అన్న మాట చాలదు. “మీ రూల్ ప్రకారమే నాకు అర్హత ఉంది” అని చూపించగలగాలి.

ఇదంతా అభ్యర్థి చేయాల్సింది. బోర్డులు చేయాల్సింది ఇంతకంటే చిన్నది. ఏ కోర్సు దేనికి సరితూగుతుందో నోటిఫికేషన్‌తోపాటే షరతులతో సహా జాబితా ఇవ్వాలి. దాంట్లో లేని చదువు ఉన్నవాళ్లు అడగడానికి ఒక గడువు పెట్టి, పరీక్షకు ముందే అందరికీ కనబడేలా జవాబు చెప్పాలి. సర్టిఫికెట్లు మొదటే అప్‌లోడ్ చేయించుకుంటున్నారు, అప్పుడే చూడాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. ముందు ఫీజు, తర్వాత కోచింగు, తర్వాత పరీక్ష, తర్వాత మెరిట్ లిస్టు, అన్నీ అయ్యాక అర్హత. ఫోటో సైజు రెండు కె.బి. ఎక్కువైతే అప్పటికప్పుడే ఎర్రగీత పెట్టి ఆపేస్తుంది ఆ వెబ్‌సైటు. ఫీజు కట్టించుకునే ముందు అర్హత సంగతీ తేల్చమంటే దానికి చేతకాదని నేను మాత్రం నమ్మను.